చేత్తో ఎత్తితే వచ్చే కాలు, తనంతట తాను ఎందుకు రాదు? బాలే కోసం తుంటి, తొడ వెనుక కండరాల సాధన

చెన్నై మైలాపూరులో మా ఇంటి హాల్లో శనివారం సాయంత్రాలు నలుగురైదుగురు పిల్లలు, ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్లు బాలే సాధనకు వస్తారు. దాదాపు అందరూ తెలుగువాళ్లే, అందులో ఎక్కువమంది కొన్నేళ్లు కూచిపూడి నేర్చుకున్నవాళ్లే. కొత్తగా వచ్చినవారిని మొదట చాప మీద వెల్లకిలా పడుకోమంటాను. మోకాలు వంగకుండా కాలును నా చేత్తో మెల్లగా పైకి ఎత్తి, ఎక్కడ ఆగిందో చూసుకుంటాను. తర్వాత చేయి తీసేసి, "ఇప్పుడు నువ్వే అక్కడ నిలబెట్టమ్మా" అంటాను. కాలు కిందికి జారిపోతుంది. ఈ మధ్య వచ్చిన ఒక అమ్మాయికి నా చేతిలో 110 డిగ్రీల దాకా వెళ్లిన కాలు, సొంతంగా 75 దగ్గర ఆగిపోయింది. ఆ మధ్యలోని 35 డిగ్రీల గురించే ఈ వ్యాసం.

బాలేలో కాలిని ఎవరూ పట్టుకోరు. దెవెలొప్పేలో పక్కకు విప్పి నిలపాలన్నా, అరబెస్క్‌లో వెనక్కి ఎత్తి ఆపాలన్నా, గ్రాండ్ జెతేలో గాలిలోనే రెండు కాళ్లూ విప్పాలన్నా కాలు తన బలంతోనే అక్కడికి చేరాలి. సాగుడు ఒక్కటే పెంచుకుని బలాన్ని వదిలేస్తే రెండు కాళ్లూ చెరో వైపుకు చాచి నేలకు ఆనించే స్ప్లిట్ ఫొటో బాగా వస్తుంది, నాట్యంలో మాత్రం కాలు నడుం ఎత్తు దాటదు. ఈ తప్పు నేనూ చేశాను. ముప్పై దాటాక బాలే మొదలుపెట్టి, తొందరగా స్ప్లిట్ రావాలన్న ఆరాటంతో, వెనుక నుంచి మరొకరు భుజాలు నొక్కుతుంటే పళ్లు బిగబట్టి కూర్చున్నాను. పిరుదు కింద చిన్నగా "టక్" మంది. ఆ తర్వాత ఎనిమిది నెలలు గట్టి కుర్చీలో కూర్చోలేకపోయాను. కింద రాసినదంతా ఆ ఎనిమిది నెలల్లోనూ ఆ తర్వాతా నేర్చుకున్నది, నా దగ్గరకు వచ్చేవారి చేత చేయిస్తున్నది.

లోపల ఏముందో ముందు తెలియాలి

తొడ వెనుక మూడు కండరాలున్నాయి: బైసెప్స్ ఫెమోరిస్, సెమిటెండినోసస్, సెమిమెంబ్రనోసస్. మూడింటినీ కలిపి హ్యామ్‌స్ట్రింగ్స్ అంటారు. పేర్లు గుర్తుండకపోయినా ఫరవాలేదు, దారి గుర్తుంటే చాలు. గట్టి బల్ల మీద కూర్చుంటే పిరుదుల కింద రెండు ఎముకలు గుచ్చుకుంటాయి కదా, ఈ కండరాలు అక్కడ బయలుదేరి మోకాలు దాటి కాలి ఎముకలకు అతుక్కుంటాయి. తొడ ఎముక నుంచే మొదలయ్యే ఒక చిన్న పాయ తప్ప మిగతాదంతా రెండు కీళ్ల మీదుగా పోతుంది. అందుకే మోకాలు వంచితే వదులవుతాయి, మోకాలు చాచి తుంటి దగ్గర వంగితే బిగుస్తాయి.

"పదేళ్లు అరమండిలో నిలబడిన పిల్లకు కాళ్లు ఎందుకు ఇంత బిగుసుకుపోయి ఉన్నాయి?" అని తల్లులు అడుగుతుంటారు. జవాబు పై వాక్యంలోనే ఉంది. అరమండి అంటే మోకాళ్లు పక్కలకు తెరిచి సగం కూర్చునే భంగిమ, అందులో మోకాళ్లు వంగే ఉంటాయి. తొడలు బయటికి తిప్పే కండరాలు రాటుదేలుతాయి గానీ, తొడ వెనుక కండరాలు పూర్తి పొడవుకు సాగే సందర్భమే రాదు. కూచిపూడి నుంచి వచ్చేవారికి టర్నౌట్ (తుంటి నుంచి తొడను బయటికి తిప్పడం) బాగుండి, చాచిన కాలు ఎత్తడం కష్టంగా ఉండటానికి ఇదే కారణం.

తుంటికి ముందు వైపు సోయాస్ అనే కండరం ఉంది. వెన్నుపూసల నుంచి మొదలై కటి (నడుం కింది ఎముకల గూడు) లోపలి నుంచి దిగి తొడ ఎముక లోపలి అంచుకు చేరుతుంది. కాలు నడుం కంటే పైకి లేవాలంటే దీని బలం కావాలి. కాలు వెనక్కి వెళ్లాలంటే ఇదే సాగాలి. దీనికి తోడు తొడ ముందు భాగాన ఉండే రెక్టస్ ఫెమోరిస్ కూడా తుంటినీ మోకాలినీ రెండింటినీ దాటుతుంది. ఇక తొడను బయటికి తిప్పేవి పిరుదు లోతున దాగి ఉండే ఆరు చిన్న కండరాలు. పిరిఫార్మిస్ వాటిలో ఒకటి.

వీటన్నిటి కంటే ముందు ఎముక ఉంది. తొడ ఎముక మెడ కొందరికి ఎక్కువగా ముందుకు తిరిగి ఉంటుంది, కొందరికి తక్కువగా. తొడ ఎముక తల కూర్చునే తుంటి గిన్నె కొందరికి లోతుగా ఉంటుంది. ఎదుగుదల పూర్తయిన మనిషిలో ఎంత సాగదీసినా ఆ ఆకారం మారదు. పక్కింటి అమ్మాయికి 180 డిగ్రీల టర్నౌట్ వచ్చిందని మీ పిల్ల పాదాలను బలవంతంగా అడ్డంగా తిప్పితే, తుంటిలో రాని తిరుగుడు మోకాలి నుంచీ పాదపు వంపు నుంచీ వస్తుంది. కొన్నేళ్లకు దాని ఫలితం మోకాలే చెబుతుంది.

ముందు కొలత, తర్వాతే సాధన

ఏది అడ్డుపడుతోందో తెలియకుండా సాగదీయడమంటే తాళం చూడకుండా తాళపుచెవులన్నీ పెట్టి చూడటమే. ఇంట్లోనే చేసుకోగలిగే పరీక్షలు నాలుగు ఉన్నాయి. ఒంటికి కాస్త వేడి పుట్టాక, ఎప్పుడూ ఒకే వేళలో చేయండి. ఉదయం ఒళ్లు బిగుసుకుని ఉంటుంది, సాయంత్రం వదులుగా ఉంటుంది. ఉదయం కొలతను సాయంత్రం కొలతతో పోల్చి లాభం లేదు.

మొదటిది నేను చేయించేదే. గోడ పక్కన, గోడకు సమాంతరంగా వెల్లకిలా పడుకోండి. గోడ వైపు కాలును చున్నీతోనో ఇంట్లోవారి చేత్తోనో ఎత్తించుకోండి. రెండో కాలు నేలకు ఆని చాచి ఉండాలి, ఎత్తిన కాలి మోకాలు వంగకూడదు, నడుం కింది ఎముక నేల నుంచి లేవకూడదు. మడమ ఎక్కడికి వచ్చిందో గోడ మీద పెన్సిల్‌తో గీత పెట్టమనండి. తర్వాత ఏ సాయమూ లేకుండా మీరే ఎత్తి 3 సెకన్లు నిలపండి. రెండో గీత. ఈ రెండు గీతల మధ్య దూరం ఎక్కువగా ఉంటే మీకు కావలసింది బలం. రెండూ దగ్గరగా ఉండి, రెండూ 90 డిగ్రీల లోపే ఉంటే సాగుడు కావాలి. నా దగ్గరకు వచ్చేవారిలో మొదటి రకమే ఎక్కువ.

రెండోది తుంటి ముందు భాగానికి. కదలని గట్టి మంచం అంచున కూర్చుని వెనక్కి పడుకోండి. ఒక మోకాలిని రెండు చేతులతో ఛాతీకి హత్తుకుని, రెండో కాలిని మంచం అంచు నుంచి వేలాడదీయండి. వేలాడే తొడ మంచానికి ఆనకుండా గాలిలో ఉందంటే సోయాస్ బిగుసుగా ఉన్నట్టు. తొడ ఆనింది గానీ మోకాలు దాదాపు లంబకోణంలో వంగకుండా ముందుకు చాచుకుంటోందంటే రెక్టస్ ఫెమోరిస్ పట్టేసినట్టు.

మూడోది టర్నౌట్‌కు. బోర్లా పడుకుని, మోకాళ్లు రెండూ కలిపి ఉంచి, ఒక మోకాలిని 90 డిగ్రీలకు వంచండి. పాదాన్ని మెల్లగా రెండో కాలి వైపుకు, అంటే లోపలికి వాల్చండి. పాదం లోపలికి వాలుతున్నా తొడ ఎముక బయటికే తిరుగుతోంది. కటి నేల నుంచి లేచేదాకా ఎంత వాలిందో అంతే మీ తుంటి టర్నౌట్. తర్వాత పాదాన్ని బయటికి వాల్చి చూడండి. బయటికి చాలా ఎక్కువ, లోపలికి చాలా తక్కువ వాలితే అందులో ఎముక పాత్ర ఉండే అవకాశం ఉంది. అలాంటివారు సాగదీసి టర్నౌట్ పెంచాలని పట్టుబట్టవద్దు. ఉన్న టర్నౌట్‌ను పూర్తిగా వాడుకునే బలం తెచ్చుకోవాలి.

నాలుగోది నరానికి. చాలామంది దీన్ని వదిలేస్తారు. మొదటి పరీక్షలో కాలు ఆగిన చోట లాగుడు ఎక్కడ తెలుస్తోంది? తొడ మధ్యలో అయితే అది కండరం. మోకాలి వెనుకా పిక్కలోనూ తీగలాగినట్టో, జిలజిలమన్నట్టో ఉండి, పాదాన్ని మీ వైపు వంచినప్పుడు లేదా గడ్డాన్ని ఛాతీకి ఆనించినప్పుడు అది పెరిగితే, అడ్డుపడుతోంది నడుం నుంచి కాలి వెనుకగా దిగే సయాటిక్ నరం. గడ్డం వంచితే తొడ కండరం సాగదు కదా. కండరాన్ని సాగదీసినట్టు నరాన్ని అలా ఎక్కువసేపు సాగదీసి ఉంచకూడదు, అది ఇంకా చిరాకుపడుతుంది. నాకు రెండేళ్లు ఫలితం రాకపోవడానికి సగం కారణం ఇదే, రోజూ నరాన్ని లాగుతూ కండరం సాగుతోందనుకున్నాను.

చెన్నై వేడి సరిపోదు

మే నెలలో ఇక్కడ గుమ్మంలో నిలబడితేనే చెమట కారుతుంది. అందుకే చాలామంది వేడెక్కే కదలికలు మానేసి తిన్నగా స్ప్లిట్‌లోకి దిగుతారు. చెమట పట్టింది చర్మానికి. లోపలి కండరం వేడెక్కాలంటే అది పనిచేయాలి. పైగా చాలా శిక్షణ గదుల్లో ఏసీ ఉంటుంది. బార్ (పట్టుకుని సాధన చేసే కమ్మీ) దగ్గర చెమటలు పట్టి, ఏసీ కింద పావుగంట నిలబడితే కాళ్లు చల్లబడతాయి. చెన్నైలో కాళ్లకు ఉన్ని తొడుగులా అని అనిపించవచ్చు గానీ, ఏసీ గదిలో వాటి అవసరం ఉంది.

మరో అలవాటు బామ్ రాసుకోవడం. మా ఇంటి దగ్గర లజ్‌లో ఉన్న నాగేశ్వరరావు పార్కు, అమృతాంజనం తయారుచేసిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి పేరు మీదిదే. ఆ పసుపు సీసా లేని తెలుగిల్లు మా చిన్నప్పుడు లేదు. దాని మీద నాకున్న మమకారం చిన్నది కాదు. అయినా ఒక మాట చెప్పాలి: ఏ బామ్ అయినా చర్మంలోని నరాలకు వేడిగానో చల్లగానో అనిపింపజేస్తుంది, లోతైన కండరాన్ని సాగడానికి సిద్ధం చేయదు. సాగదీసే ముందు రాసుకుంటే ఆగమని చెప్పాల్సిన నొప్పి కూడా మరుగున పడుతుంది. రాత్రి పడుకునే ముందు రాసుకోండి.

కాబట్టి మొదటి 8 నుంచి 10 నిమిషాలు కదలికే. ఉన్నచోటే చురుకుగా నడక, మెట్లు ఎక్కి దిగడం, ఇరవై గుంజీలు, చేయి గోడకు ఆనించి కాలిని ముందుకూ వెనక్కూ 15 సార్లు, పక్కలకు 15 సార్లు ఊపడం. ఊపు నడుం ఎత్తు దగ్గర మొదలై మెల్లగా పెరగాలి. శ్వాస కొంచెం వేగం అందుకుని, మాట్లాడటానికి మాత్రం ఇబ్బంది లేకుండా ఉంటే చాలు.

క్లాసుకు ముందు ఇంతే చేయండి. కదలకుండా నిమిషం పైగా పట్టి ఉంచే సాగదీత కండరం బలాన్నీ ఎగిరే శక్తినీ కొద్దిసేపు తగ్గిస్తుంది. లోతైన సాగదీత క్లాసు అయ్యాక గానీ, విడిగా మరో పూట గానీ ఉండాలి.

నేల విషయం కూడా చూసుకోండి. మన ఇళ్లలో మొజాయిక్, టైల్స్, గ్రానైట్. మోకాలు ఆనించే భంగిమలకు దుప్పటి నాలుగు మడతలు వేయండి. మేజోళ్లతో టైల్స్ మీద స్ప్లిట్ చేయకండి, పాదం జారితే ఆపలేరు.

తొడ వెనుక కండరాలు

చున్నీతో సాగదీత: పాత నూలు చున్నీ లేదా తువ్వాలు చాలు. వెల్లకిలా పడుకుని పాదం మధ్యకు చున్నీ వేసి, మోకాలు చాచి, లాగుడు మొదలైన చోట ఆగండి. పదిలో నాలుగైదు వంతుల లాగుడు చాలు. మొహం ముడుచుకుంటోందంటే ఎక్కువైనట్టే. 20 సెకన్లు ఆగాక, మడమతో చున్నీని కిందికి నొక్కండి, చేతులు కదలనివ్వవద్దు. సగం బలంతో 6 సెకన్లు. వదిలి, ఊపిరి బయటికి పోతుండగా కాలిని కొంచెం దగ్గరకు తెచ్చుకోండి. ఇలా మూడు సార్లు. చివర 30 సెకన్లు ఆగండి. ఇలా బిగించి వదిలే పద్ధతి 1940లలో పక్షవాత రోగుల చికిత్స కోసం రూపొందిన విధానం నుంచి వచ్చింది. నాట్యకారులు తర్వాత అందిపుచ్చుకున్నారు.

ఎంతసేపు పట్టి ఉంచాలని అందరూ అడుగుతారు. 30 సెకన్ల కంటే నిమిషం పాటు ఉంచితే అదనపు లాభం పెద్దగా లేదని తొడ వెనుక కండరాల మీద జరిగిన పరిశీలనల్లో కనిపించింది. ఒక రోజు పావుగంట లాగి ఆరు రోజులు మానేయడం కంటే, వారంలో ఐదు రోజులు ఒక్కో కాలికి రెండు నిమిషాలు మేలు.

తుంటి దగ్గర వంగడం నేర్చుకోండి: ముందుకు వంగమంటే చాలామంది వీపును గుండ్రంగా చేసి వేళ్లు నేలకు తాకించి సంతోషిస్తారు. అక్కడ సాగింది వీపు. తుడుపుకర్రను వెన్ను వెంట నిలువుగా పట్టుకోండి. తల, వీపు మధ్య భాగం, నడుం కింది ఎముక మూడూ కర్రకు తాకాలి. మోకాళ్లు రవ్వంత సడలించి, పిరుదులను వెనుక ఉన్న గోడకు తాకించబోతున్నట్టు వెనక్కి నెట్టండి. మూడింట్లో ఒక్కటి కర్రను వదిలినా అక్కడే ఆగండి. పదిసార్లు. కూచిపూడి నేర్చుకున్నవాళ్లకు వీపు నిటారుగా ఉంచే అలవాటు ఉంది కాబట్టి ఇది త్వరగా పట్టుబడుతుంది.

బరువుతో సాగడం: అదే కదలిక, చేతిలో బరువుతో. నేను 5 కిలోల బియ్యం సంచిని గుడ్డ సంచిలో వేసి వాడతాను. బరువు తొడలను రాసుకుంటూ దిగాలి. నాలుగు లెక్కలు కిందికి, ఒక లెక్క ఆగి, రెండు లెక్కలు పైకి. 8 సార్లు చొప్పున మూడు విడతలు, వారానికి రెండుసార్లు. మెల్లగా దిగేటప్పుడు కండరం పొడవవుతూనే బరువు మోస్తుంది. అలా చేస్తే సాగుడూ బలమూ కలిసి పెరుగుతాయి. ఈ వ్యాసంలో ఒక్క వ్యాయామమే ఎంచుకోమంటే నేను దీన్నే ఎంచుకుంటాను. బరువులు ఎత్తితే కండలు గుట్టలు పడి నాట్యానికి పనికిరామని భయపడే పిల్లలున్నారు. వారానికి రెండుసార్లు ఐదు పది కిలోలతో అలా జరగదు.

నరం అడ్డుపడుతున్నవారికి: చున్నీ పక్కన పెట్టండి. వెల్లకిలా పడుకుని తొడను నిలువుగా రెండు చేతులతో పట్టుకుని, మోకాలిని మెల్లగా చాచండి. జిలజిల మొదలయ్యే ముందే తిరిగి వంచేయండి. పట్టి ఉంచవద్దు. 10 నుంచి 15 సార్లు, రోజుకు రెండు పూటలా. జిలజిల రోజంతా ఉంటున్నా, తిమ్మిరి లేదా బలహీనత ఉన్నా, ఇది కూడా మాని డాక్టరును కలవండి.

తుంటి ముందు భాగం

ఒక మోకాలు దుప్పటి మీద, రెండో పాదం ముందు. ఇక్కడ అందరూ ముందుకు తోసుకుపోతారు, నడుం విల్లులా వంగుతుంది, తుంటి మాత్రం సాగదు. ముందుకు పోకండి. ఉన్నచోటే, వెనుక కాలి వైపు పిరుదును బిగించి, పొత్తికడుపు కింది ఎముకను పైకి, బొడ్డు వైపు తిప్పండి. ఒక్క అంగుళం కూడా కదలకుండానే తుంటి ముందు లాగుడు తెలుస్తుంది. అది తెలిశాక మాత్రమే రెండు మూడు అంగుళాలు ముందుకు జరగండి. 30 సెకన్లు, ఒక్కో వైపు మూడుసార్లు. రెక్టస్ ఫెమోరిస్ పట్టేసినవారు చివరి విడతలో వెనుక పాదాన్ని చేత్తో పట్టి పిరుదు వైపు తెచ్చుకోవాలి.

పాత మహాబలిపురం రోడ్డు మీది ఆఫీసుల్లో రోజంతా కుర్చీలో గడిపి వచ్చేవాళ్లు ఇది మొదట చేయాలి. వారికి అరబెస్క్‌లో నడుం నొప్పి అంటే తొంభై పాళ్లు నేను చూసేది తుంటినే. కాలు వెనక్కి పోవడానికి తుంటి ఇవ్వని చోటును నడుం ఇస్తోందన్నమాట.

సాగాక వెంటనే వాడాలి. బోర్లా పడుకుని, నుదురు చేతుల మీద పెట్టి, పిరుదు బిగించి చాచిన కాలిని నాలుగు వేళ్ల ఎత్తు లేపి 5 సెకన్లు ఆపండి, 8 సార్లు. ఎత్తు తక్కువే, కటి నేలను వదలకూడదు. అరబెస్క్‌కు పునాది ఈ నాలుగు వేళ్ల ఎత్తే.

టర్నౌట్: అరమండి నుంచి ప్లియేకి

అడయారులో 1936లో మొదలైన భరతనాట్య సంస్థ కళాక్షేత్రం స్థాపకురాలు రుక్మిణీదేవి అరండేల్, అంతకు ముందు రష్యన్ బాలే నర్తకి అన్నా పావ్లోవా బృందంలోని క్లియో నోర్డి దగ్గర బాలే నేర్చుకున్నారు. 1963లో ఇదే ఊళ్లో వెంపటి చినసత్యం గారు కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టారు. తొడను బయటికి తిప్పి నిలబడటాన్ని మన నాట్యం, బాలే అనే ఈ రెండు ప్రపంచాలూ ఇంత పట్టుదలగా కోరుకోవడం నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరుస్తుంది. తేడా ఉన్నది మోకాలిలో. అరమండిలో వంగి అక్కడే ఉండిపోతాం, ప్లియేలో వంగి వెంటనే లేస్తాం. లేచి మోకాళ్లు చాచేటప్పుడు కూడా తొడ తిరుగుడు చెక్కుచెదరకూడదు. కూచిపూడి నుంచి వచ్చినవాళ్లకు అక్కడే జారిపోతుంది.

దీనికి ఒక సాధన. ఫస్ట్ పొజిషన్‌లో, అంటే మడమలు రెండూ కలిపి, పాదాలు మీ తుంటి అనుమతించినంతే తెరిచి నిలబడండి. నాలుగు లెక్కల్లో ప్లియే, మోకాళ్లు పాదాల రెండో వేలి మీదుగా పోవాలి. నాలుగు లెక్కల్లో లేవండి. లేస్తున్నంతసేపూ పిరుదు లోతున, రెండు తొడలూ బయటికి మరమేకులా తిరుగుతున్నట్టు తెలియాలి. నేలను పాదంతో పట్టి మెలితిప్పినట్టు అనిపిస్తే తప్పు. పాదాల కింద రెండు పలచని గుడ్డ ముక్కలు వేసి నున్నటి నేల మీద గోడ పట్టుకుని చేస్తే మోసం బయటపడుతుంది. నేల పట్టు లేదు కాబట్టి పాదాలు మీ నిజమైన టర్నౌట్‌కు వచ్చేస్తాయి.

బలానికి పక్కకు పడుకుని, మోకాళ్లు వంచి, మడమలు కలిపి ఉంచి పై మోకాలిని తెరవడం, 12 సార్లు, మూడు విడతలు. సులువైపోతే మోకాళ్ల పైన రబ్బరు బ్యాండు. కటి వెనక్కి దొర్లకూడదు.

కప్ప భంగిమ గురించి హెచ్చరిక. బోర్లా పడుకుని మోకాళ్లు రెండు పక్కలకూ తెరిచి, పిరుదుల మీద ఎవరినో కూర్చోబెట్టుకునే పద్ధతి ఇప్పటికీ అక్కడక్కడా కనిపిస్తుంది. గజ్జల్లో గుచ్చినట్టు నొప్పి వస్తున్నా "ఓర్చుకో" అంటారు. ఆ గుచ్చుడు ఎముకకు ఎముక తగులుతున్నదీ, గిన్నె అంచున ఉండే మెత్తని వలయం నలుగుతున్నదీ కావచ్చు. ఎవరి బరువూ మీ తుంటి మీద పడనివ్వకండి. దానికి బదులు నేల మీద బాసింపట్టు వేసుకుని రోజుకు ఒక పూటైనా భోజనం చేయండి. సోఫాలు వచ్చాక మన ఇళ్లలో పోయిన మంచి అలవాటు ఇది.

స్ప్లిట్‌లోకి దిగడం

పై సాధనలు కనీసం నాలుగు వారాలు చేశాకే. రెండు పక్కలా రెండు పీటలు పెట్టుకోండి, చేతులు వాటి మీద. ముందు కాలి మడమ కింద గుడ్డ, వెనుక మోకాలి కింద దుప్పటి. తుంటి ఎముకలు రెండూ ముందుకు చూస్తుండగా మెల్లగా జారండి. బరువులో సగం చేతుల మీదే ఉండాలి. తొడ కింద దిండు పెట్టి దాని మీద ఆనుకుంటే కండరం భయపడదు. 30 సెకన్లు ఉండి, అప్పుడు రెండు కాళ్లనూ కత్తెర మూసినట్టు దగ్గరకు లాగుతున్నట్టు 5 సెకన్లు బిగించండి. కదలిక రాదు, బలం పడుతుంది. వదిలి మరి కొంచెం దిగండి. మూడుసార్లు చాలు. వారాలు గడిచేకొద్దీ దిండు పలచనవుతుంది.

ఎత్తిన కాలిని నిలపడం

ఆ 35 డిగ్రీలు ఇక్కడ తగ్గుతాయి. నేల మీద కాళ్లు చాచి కూర్చుని, తొడకు రెండు వైపులా చేతులు ఆనించి, ఒక కాలిని నేల నుంచి లేపండి. ఒక్క అంగుళం లేచినా చాలు. పది సార్లు. తొడ ముందు భాగం పట్టేస్తుంది, అది మామూలే, వదిలి నిమరండి. చేతులు ఎంత ముందుకు పెడితే అంత కష్టం.

తర్వాత నిలబడి, వీపు గోడకు ఆనించి, మోకాలిని వంచి చేత్తో ఛాతీ దగ్గరకు తెచ్చుకుని, చేయి వదిలి 5 సెకన్లు నిలపండి. ఐదుసార్లు. ఆ ఎత్తు నిలిచాకే మోకాలిని చాచే ప్రయత్నం. ముందు సగం వరకు, వారాల తర్వాత పూర్తిగా. దెవెలొప్పే ఈ క్రమంలోనే వస్తుంది. సాగదీత అయిన వెంటనే ఇది చేయండి. ఆ రోజు కొత్తగా వచ్చిన రెండు డిగ్రీలను వాడుకోకపోతే మర్నాటికి ఉండవు.

వారంలో ఎలా సర్దుకోవాలి

బరువుతో చేసేవీ, కాలు నిలిపేవీ సోమ, గురువారాలు. చున్నీ సాగదీత, తుంటి ముందు భాగం వారంలో ఐదు రోజులు, మొత్తం పావుగంట. టర్నౌట్ బలం మూడు రోజులు. స్ప్లిట్ రెండు రోజులు, క్లాసు అయ్యాక. ఆదివారం ఏదీ వద్దు, ఎలియట్స్ బీచ్‌లో నడవండి. మొదటి మూడు నాలుగు వారాల్లో కనిపించే మార్పు చాలావరకు లాగుడును నరాల వ్యవస్థ ఓర్చుకోవడం వల్ల వచ్చేదే. కండరం తనంతట తాను మారడానికి నెలలు పడుతుంది. అందుకే ఐదో వారంలో మార్పు ఆగినట్టు అనిపించినా మానవద్దు.

ఆగాల్సిన చోట్లు

తొడ మధ్యలో తెలిసి, వదలగానే పోయే లాగుడు మంచిదే. కూర్చునే ఎముక దగ్గర ఒకే చోట నొప్పి ఉండి, కూర్చుంటే పెరుగుతోందంటే అక్కడి స్నాయువు (కండరాన్ని ఎముకకు అతికించే తాడు) దెబ్బతిని ఉండవచ్చు. సాగదీసిన కొద్దీ అది ముదురుతుంది. నేను ఎనిమిది నెలలు పోగొట్టుకున్నది అలాగే. మొదటి రెండు నెలలూ సాగదీస్తే తగ్గుతుందనుకున్నాను. సాగదీత మాని, ఫిజియోథెరపిస్టు చెప్పిన క్రమంలో మెల్లగా బలం పెంచుకున్నాకే తగ్గింది. గజ్జల్లో గుచ్చుడు, మోకాలి లోపలి వైపు నొప్పి, కాలు తిమ్మిరి, ఇవి ఏవి వచ్చినా ఆ వ్యాయామం ఆపండి. తుంటిలో నొప్పి లేకుండా టక్కుమనే శబ్దం మాత్రం చాలామంది నాట్యకారులకు ఉంటుంది, అది స్నాయువు ఎముక మీదుగా జారే చప్పుడు. నొప్పి తోడైతే చూపించుకోండి.

తల్లిదండ్రులకు ఒక్క మాట. పదకొండు నుంచి పదిహేనేళ్ల మధ్య పిల్లలు ఒక్కసారిగా పొడవవుతారు. ఎముక ముందు పెరుగుతుంది, కండరం వెనుకబడుతుంది. నిన్నటిదాకా వచ్చిన స్ప్లిట్ పోతుంది. సోమరితనం అనుకోకండి. ఆ వయసులో కూర్చునే ఎముక దగ్గర ఎదిగే పొర ఇంకా గట్టిపడి ఉండదు, గట్టిగా లాగితే కండరంతోపాటు ఎముక ముక్క ఊడివచ్చే ప్రమాదం కూడా ఉంది. ఆ ఏడాది రెండేళ్లు బలం మీద పెట్టండి, సాగుడు తర్వాత వస్తుంది. దీనికి పూర్తిగా ఎదురుగా ఉండే పిల్లలూ ఉన్నారు: బొటనవేలు వంచితే ముంజేతికి తాకుతుంది, మోచేతులు వెనక్కి వంగుతాయి, స్ప్లిట్ పుట్టుకతో వచ్చినట్టే ఉంటుంది. వారిని అందరూ మెచ్చుకుంటారు గానీ, కీళ్లు వదులుగా ఉన్నందువల్ల దెబ్బలు తగిలేదీ వారికే. వారి చేత నేను చున్నీ ముట్టించను. బియ్యం సంచీ, రబ్బరు బ్యాండూ ఇస్తాను.

ఆరు వారాలకు మళ్లీ గోడ పక్కన పడుకుని, అదే వేళకు, అదే చున్నీతో రెండు గీతలు పెట్టండి, పక్కన తేదీ రాయండి. మొదటి గీత కదలకుండా రెండో గీత దాని దగ్గరకు వచ్చి ఉంటే సాధన సరిగ్గా సాగుతోంది, అలాగే కొనసాగించండి. మొదటి గీత ఒక్కటే ముందుకు జరిగి రెండో గీత అక్కడే ఉంటే వచ్చే ఆరు వారాలు చున్నీ సాగదీతను మూడు రోజులకు తగ్గించి, కాలు నిలిపే సాధనను నాలుగు రోజులు చేయండి. మొదట్లో చెప్పిన ఆ అమ్మాయి రెండు గీతల మధ్య మొదట మూరెడు దూరం ఉండేది, పోయిన శనివారం జానెడుకు వచ్చింది. మొదటి గీత మొదటి రోజు ఉన్న చోటే ఉంది.